రెండుసార్లు తట్టాను

2, సోమవారం

ఇవాళ నేల పలక పనిచెయ్యలేదు.

నాలుగేళ్ళలో మొదటిసారి. తప్పు పలకది కాదు, నాది కాదు, నాన్నది అసలే కాదు. వచ్చిన వాద్యానిది. గిటార్లు, వయొలిన్లు, మాండొలిన్లు, అకార్డియన్లు ఎన్నో వచ్చాయి కానీ నేలను కదిలించేది ఒక్కటీ రాలేదు. ఇవాళ వచ్చింది బేస్ గిటారు.

తెచ్చినాయన ఒక హోటల్ బ్యాండ్‌లో ముప్పై ఏళ్ళు బేస్ వాయించారట. పొడుగాటి మనిషి. కోటు మోచేతుల దగ్గర అరిగి మెరుస్తోంది. పెట్టె బల్ల మీద పెట్టి, తెరవకుండా కాసేపు దాని మీద చెయ్యి వేసుకుని నిలబడ్డారు.

"చెవి మాస్టారంటే మీరేనా?"

నాన్న ఆయన పెదాలవైపు చూసి, "నేనే. కూర్చోండి," అన్నాడు.

"కూర్చుంటే మళ్ళీ లేవలేనండీ. మోకాళ్ళు. వేళ్ళు కూడా అంతే, మడత పడటం మానేశాయి. లేకపోతే దీన్ని ఎందుకు తెస్తాను. అన్నీ దీంతో పుట్టినవే, స్క్రూలతో సహా. మీరు వింటే మీకే తెలుస్తుంది."

"వాయించండి," అని నాన్న కళ్ళు మూసుకున్నాడు.

ఆ కళ్ళు మూసుకోవడం గురించి ఈ పాత వాద్యాల వ్యాపారంలో అందరూ కథలు చెప్పుకుంటారు. ఒక్క మీటుతో వాద్యం వయసు చెప్పేస్తాడని, లోపల పగులుంటే మొహం చిట్లిస్తాడని. నాలుగేళ్ళ క్రితం వరకు అది నిజం. ఇప్పుడు నాన్నకు కళ్ళు మూసుకున్నా ఏమీ వినపడదు, తెరిచినా వినపడదు. ఆయన స్టూలు కింద మొదలై నా కౌంటరు వెనకదాకా వచ్చే చెక్క పలక ఒకటుంది నేలలో. నేను చెప్పు తీసేసి దాని మీద మడమతో ఒకసారి తడితే కొను అని. రెండుసార్లు తడితే వద్దు. మూడు తడితే ఆగు. నాన్న అరికాలితో విని, కళ్ళు తెరిచి, తన మాటగా చెబుతాడు.

ఇది కాగితం మీద పెట్టడం ఇదే మొదలు. అమ్మ ఎవరితోనూ అనొద్దంది. రాయొద్దని అనలేదు.

హోటల్ ఆయన ఆంప్లిఫయర్‌కి వైరు తగిలించి లావు తీగ మీటారు. నేలంతా వణికింది. గాజు అలమరాలో చిన్న వస్తువులన్నీ ఒకదానికొకటి తగులుకున్నాయి. నేను మూడు తట్టాను. మళ్ళీ మూడు. నా తట్టు నా మడమకే తెలియలేదు. ఆయన వాయిస్తూనే ఉన్నారు. నాన్న కళ్ళు మూసుకునే ఉన్నాడు, మొహం వేరేగా ఉంది. భయపడ్డాడనుకున్నాను.

కళ్ళు తెరిచి, "రెండు వారాలు ఉంచి వెళ్ళండి. చెవికి అలవాటు కావాలి," అన్నాడు. ఈ మాట కూడా నాలుగేళ్ళదే. వాద్యం మా దగ్గరుంటే మధ్యాహ్నం కొట్టు మూసినప్పుడు నేను విప్పి చూడొచ్చు.

"ఎన్నాళ్ళైనా ఉంచుకోండి," అన్నారాయన. "మా అమ్మాయి ఇంట్లో నాకిచ్చిన గదిలో నేనూ ఇదీ ఇద్దరం పట్టం. పడుకుంటే తల గోడకి, కాళ్ళు తలుపుకి."

3, మంగళవారం

సిస్టర్ దగ్గరనుంచి ఉత్తరం. ఇది మూడోది.

మా కాన్వెంటు స్కూల్లో లైబ్రరీ చూసిన సిస్టరే. ఇప్పుడు రెండు రోజుల ప్రయాణమంత దూరంలో పెద్ద స్కూలు లైబ్రరీ చూస్తోంది. తన కింద మనిషి కావాలట. ఉండడానికి గది ఇస్తారు, కిటికీ తోటవైపు ఉంటుంది. ఒకటో తేదీన చేరాలి. ఇరవై అయిదుకల్లా జవాబు పోస్టు చెయ్యాలి. చివర్లో "ఈసారైనా" అని రాసి కొట్టేసింది. సిస్టర్ కొట్టేసినవి చదవడం ఆమె దగ్గర చదువుకున్న పిల్లలందరికీ వచ్చు.

వెళ్ళడం ఎలాగూ కుదరదు. కారణం ముందుగదిలో స్టూలు మీద కూర్చుని ఉంది.

ఉత్తరం నిఘంటువులో పెట్టాను. ముందు రెండూ అక్కడే ఉన్నాయి.

4, బుధవారం

ఒంటిగంటకు తలుపు వేసి బేస్‌ని ఒళ్ళోకి తీసుకున్నాను. ఊహించినదానికంటే బరువు. పాత గిటార్ల మీద ఉన్న పుస్తకం పక్కన పెట్టుకున్నాను. పాతదాన్ని చూసేటప్పుడు ముందు అందం చూడకూడదు, అరుగుదల చూడాలి అని దాని మొదటి పేజీలోనే ఉంది. మనిషి ఒళ్ళు తగిలేచోట రంగు పోవాలి. తగలనిచోట ఉండాలి. కొత్తదాన్ని పాతదిగా చూపించేవాళ్ళు గరుకు కాగితంతో ఎక్కడ బాగుంటుందనిపిస్తే అక్కడ రుద్దుతారు, అక్కడే దొరికిపోతారు.

కుడి ముంజేయి ఆనేచోట రంగు పోయింది. సరే. తీగల కింద పికప్ అంచున బొటనవేలు పెట్టుకునేచోట గుంట పడింది. సరే. వెనకవైపు బెల్టు రాసుకున్న గీతలున్నాయి. సరే.

కానీ మెడ పక్కన పైకి పొడుచుకొచ్చిన కొమ్ము అంచున చెక్క కనబడేదాకా అరిగి నున్నగా ఉంది. అక్కడ ఏదీ తగలదు. నేను భుజానికి తగిలించుకుని నిలబడి చూశాను, కూర్చుని చూశాను. చెయ్యి తగలదు, ఛాతీ తగలదు, పట్టీ తగలదు. ఇది సరే కాదు.

మెడను తలవైపునుంచి ఒక కన్ను మూసి చూశాను, వడ్రంగి చెక్కను చూసినట్టు. తర్వాత నాలుగు తీగలనూ ప్రతి మెట్టు దగ్గరా నొక్కి, మోగి ఆగేదాకా అంకెలు లెక్కపెట్టాను. గంటన్నర పట్టింది. సన్నతీగ ఏడో మెట్టు దగ్గర స్వరం పుట్టీ పుట్టగానే పోతోంది. ఈ రకం బేసులన్నిటికీ ఎక్కడో ఒకచోట అలాంటి మొద్దు చోటు ఉంటుందని, అది లోపం కింద లెక్క కాదని పుస్తకంలో ఉంది. అయినా రాసిపెట్టుకున్నాను.

నాలుగింటికి నాన్న వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఏమంటావు?"

"ఇంకా చూస్తున్నాను."

"చూడు. బాగా చూడు. తొందరేం లేదు," అన్నాడు. తొందరగా అన్నాడు.

5, గురువారం

మెడ తిన్నగానే ఉంది. మళ్ళీ చూశాను. తిన్నగానే ఉంది.

7, శనివారం

టీ తీసుకుని ముందుగదిలోకి వెళ్ళేసరికి నాన్న బేస్‌ని ఒళ్ళో పెట్టుకుని, పై కొమ్ము మీద దవడ ఆనించి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. కొట్టులో ఎవరూ లేరు. ఎవరికోసమూ కాకుండా నాన్న కళ్ళు మూసుకోవడం చూసి చాలాకాలమైంది. ఆంప్లిఫయర్ పెట్టలేదు. బొటనవేలితో లావు తీగను మీటుతూ, ఆగుతూ, మళ్ళీ మీటుతున్నాడు. తలుపు దగ్గరున్న నాకు చిన్న గొణుగుడు తప్ప ఏమీ వినపడలేదు.

టీ ముందు పెట్టాను. ఆవిరి తగిలి కళ్ళు తెరిచాడు.

"ఇక్కడ ఇంత నున్నగా ఎందుకుందా అని వేలు పెట్టి చూశా. తర్వాత చెంప పెట్టి చూశా." గొంతు తగ్గించడం మరిచిపోయాడు, వీధిలోకి వినబడేట్టు అన్నాడు. "ఎముకలోకి వస్తోందే."

"ఏం వస్తోంది?"

"స్వరం."

ఆ మాట నా దగ్గర అని నాలుగేళ్ళయింది. లావు తీగను మళ్ళీ మీటాడు. "ఇది కాస్త దిగింది. వెంట్రుకంత. నువ్వు చూడు."

ట్యూనింగ్ ఫోర్కు తెచ్చి చూశాను. దిగింది. వెంట్రుకంత.

టీ చల్లారిపోయింది. నాన్న ఒక్కొక్క తీగా చెప్పాడు, నేను ఒక్కొక్కటీ సరిచూశాను. నాలుగూ సరిగ్గా చెప్పాడు. నాలుగోది చెప్పాక నావైపు చూసిన చూపు రాయను.

కాబట్టి కొమ్ము అరగడానికి కారణం దొరికింది. హోటల్ ఆయన కూడా అలాగే వినేవారన్నమాట. బుధవారం రాసుకున్న "సరే కాదు" కొట్టేసి "సరే" అని రాయాలి.

ఇవాళ రాయలేదు.

8, ఆదివారం

బస్సు స్టాపుదాకా నడిచాను. దర్జీ కొట్టు, బట్టలుతికే కొట్టు, తాళాలవాడి డబ్బా, మూసేసిన ఫొటో స్టూడియో. మూడువందల పన్నెండు అడుగులు. బస్సు వచ్చింది. కండక్టరు ఎక్కుతారా అని చూశాడు. నేను టైముపట్టిక చదువుతున్నట్టు నిలబడ్డాను. వెళ్ళిపోయింది. తిరిగొచ్చేటప్పుడు మూడువందల నాలుగే అయ్యాయి.

9, సోమవారం

వంటింట్లో అమ్మ: "మూడు రోజులైంది, మీ నాన్న ఆ గిటారు మెడ వదలడం లేదు. పెళ్ళైన కొత్తలో నన్ను కూడా అలా పట్టుకు కూర్చోలేదు."

"అమ్మా."

"ఏం, వినకూడదా? కాన్వెంటులో చెవుల్లో దూది కూరి పంపించారా? ఇంతకీ అది మంచిదేనా?"

"చూస్తున్నాను."

"వారం నుంచీ చూస్తూనే ఉన్నావు. పెళ్ళికొడుకుని కూడా ఇంత చూడరు. మంచిదైతే కొననీ. కాకపోతే ఆ రెండూ త్వరగా తట్టేసెయ్. ఆశ పడ్డాక లాక్కోవడం బాగుండదు." గిన్నె బోర్లించి, చేతులు తుడుచుకుని, నా జడ సర్దింది. "నువ్వు లేకపోతే ఈ కొట్టు ఏమయ్యేదే."

ఈ మాట ఎప్పుడూ అంటుంది. అన్నప్పుడల్లా నాకు లేచి బయటికి పోవాలనిపిస్తుంది. అన్నప్పుడల్లా కాస్త బాగుంటుంది కూడా.

చివరి వాక్యం కొట్టేద్దామనుకున్నాను. కొట్టేసినా కనబడుతుంది.

10, మంగళవారం

నాన్న అన్నాడు: "ఇది మన దగ్గరుంటే బేరాలు మానేస్తా. మరమ్మతులు చేత్తో చేసుకోవచ్చు, దానికి చెవి అక్కర్లేదు. కళ్ళు మూసుకుని అబద్ధాలు చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. నువ్వు కూడా ఆ పలక దగ్గర కాపలా మానొచ్చు."

"నేను కాపలా ఉండట్లేదు."

"అదే. మానొచ్చు అంటున్నా."

11, బుధవారం

మెడ విప్పాను. నాలుగు స్క్రూలు. తుప్పు నాలుగింటికీ ఒకేలా ఉంది, తలల మీద గీతలు లేవు.

మెడ అడుగున పెన్సిలుతో నెల, సంవత్సరం, ఎవరివో రెండు పొడి అక్షరాలు. పుస్తకంలో బొమ్మ వేసి చూపించినచోటే ఉన్నాయి. ఆ మనిషి ఆ రోజు ఎన్ని మెడల మీద రాసి ఉంటాడో, ఇంటికి వెళ్ళి ఏం చేశాడో. వెనక మూత తీస్తే టంకం మసకగా, దుమ్ము కదలకుండా ఉంది. ఎవరి చెయ్యీ పడలేదు.

మెడ కూర్చునే గూట్లో అడుగున సన్నటి అట్టముక్క ఉంది. గోధుమరంగు, బొటనవేలంత. మెడ వాలు సరిచెయ్యడానికి పెట్టినట్టుంది.

అట్టముక్క ఎందుకుంది? అన్నీ దీంతో పుట్టినవే అన్నారు కదా. ఎవరో మెడ విప్పారు. విప్పినవాళ్ళు ఇంకేం మార్చారో ఎవరికి తెలుసు. ఒకచోట అనుమానం వస్తే మొత్తం వదిలెయ్యమని నాన్నే నేర్పాడు.

మళ్ళీ బిగించేశాను. చేతులు కడుక్కున్నాను.

12, గురువారం

పుస్తకం మళ్ళీ తెరవలేదు. తెరవాల్సిన పని లేదు.

13, శుక్రవారం

ధర కూడా ఎక్కువే. పుస్తకంలో వేసినదానికంటే తక్కువే. అయినా ఎక్కువే.

14, శనివారం

అట్టముక్క సంగతి నాన్నకు చెప్పలేదు. రెండుసార్లు చెప్పబోయాను. రెండుసార్లూ దవడ కొమ్ము మీద పెట్టుకుని ఉన్నాడు, కళ్ళు మూసుకున్న మనిషితో నేను ఎలా మాట్లాడను. పలక మీదే చెబుతాను. మా పద్ధతి అదే కదా.

ఇవాళ ఏదో పాట వాయించాడు. కొమ్ముకి అవతలివైపు నేను కూడా చెవి పెట్టి విన్నాను. ఎక్కడా తప్పలేదు. సన్నతీగ ఏడో మెట్టు దగ్గర ఆగి, "ఇక్కడ పోతోంది," అన్నాడు. "పోనీ. అన్నిటికీ ఎక్కడో అక్కడ పోతుంది."

15, ఆదివారం

సిస్టర్‌కి జవాబు మొదలుపెట్టాను. "మా నాన్నగారి ఆరోగ్యం దృష్ట్యా" దాకా చెయ్యి తనంతట తనే రాసింది. ముందు రెండుసార్లూ వెళ్ళిన దారే.

16, సోమవారం

ఆయన చెప్పినట్టే పదింటికి వచ్చారు. మళ్ళీ కూర్చోలేదు. ఆంప్లిఫయర్ వైరు చేతిలోకి తీసుకుంటుంటే నేను, "వద్దండీ, ఊరికే వాయించండి. మాస్టారికి అలాగే ఇష్టం," అన్నాను. నాన్న నా పెదాలు చదివాడు.

ఆయన వాయించారు. వేళ్ళు నిజంగానే సరిగ్గా మడవలేకపోతున్నారు. నాన్న కళ్ళు మూసుకున్నాడు. నేను చెప్పు తీసేశాను.

రెండుసార్లు తట్టాను. మధ్యలో ఒక ఊపిరి వదిలి, స్పష్టంగా.

నాన్న కాలి బొటనవేలు కదిలింది. అందిందన్నమాట.

కళ్ళు తెరిచి, "తీసుకుంటున్నానండీ," అన్నాడు.

నేను మళ్ళీ తట్టాను. రెండు. గట్టిగా. నాన్న నావైపు చూడలేదు. హోటల్ ఆయన వాయించడం ఆపి తన బూట్లవైపు చూసుకున్నారు.

"మాస్టారూ, మీ అమ్మాయి వద్దంటోంది."

"ఏమన్నారు?" అన్నాడు నాన్న, ఆయన పెదాలు చూస్తూ.

"వద్దంటోందండీ. ఇందాక రెండు తట్టింది, ఇప్పుడు మళ్ళీ రెండు. రెండంటే ఏంటో ఆ మొహం చూస్తే తెలీదా." ఆయన బూటు కాలు కాస్త ఎత్తి పలకను చూపించారు. "నేను దీని మీదే నిలబడ్డా. ముప్పై ఏళ్ళు డ్రమ్ముల్ని కాలితోనే విన్నాను. హోటల్లో చెవికి ఏం వినపడుతుంది, ప్లేట్ల మోత, తాగినవాళ్ళ మోత. మొన్న కూడా మూడు మూడు తట్టావు కదమ్మా? నేను వాయించేదాంట్లో కలవకపోతే, పాపం ఈ పిల్లకి తాళం రాదనుకున్నా."

నాలుగేళ్ళలో ఎంతమందో నిలబడ్డారు ఆ పలక మీద. ఎవరికీ తెలియలేదు. మేమే తెలివిగలవాళ్ళం అనుకున్నాం. బేస్ వాయించే మనిషి ముందు కాలితో రహస్యం చెప్పుకున్నాం.

నేను కౌంటరు అంచు పట్టుకున్నాను. ఇక అయిపోయింది, నాన్న పేరు, అమ్మ నాలుగేళ్ళ కష్టం.

నాన్న నవ్వాడు.

"నాకు వినపడదండీ," అన్నాడు. ఇవాళ ఉక్కగా ఉందండీ అన్నంత మామూలుగా. "బొత్తిగా. అమ్మాయి చెవులతో నెట్టుకొస్తున్నా."

హోటల్ ఆయన మోకాళ్ళ మాట మరిచిపోయి బల్ల అంచున కూర్చున్నారు. "మరి ఇది ఎలా నచ్చింది?"

నాన్న బేస్ తీసుకుని కొమ్ముకి దవడ ఆనించాడు.

"అక్కడే," అన్నారాయన. "సరిగ్గా అక్కడే. ఆ రంగంతా నా గడ్డానికే పోయింది. రద్దీ ఎక్కువైతే నేనూ అంతే." తర్వాత నావైపు తిరిగారు. "మరి నువ్వెందుకు వద్దన్నావమ్మా?"

ఇద్దరూ నన్నే చూస్తున్నారు. ఒక వాద్యం గురించి నన్ను ఇంతవరకు ఎవరూ నోటితో అడగలేదు.

"మెడ గూట్లో అట్టముక్క ఉంది," అన్నాను.

"ఉండాలి కదా," అన్నారాయన మెల్లగా, నేను చిన్నబుచ్చుకుంటానేమో అన్నట్టు. "తయారుచేసినచోటే పెడతారు. మా వాళ్ళందరి బేసుల్లోనూ ఉండేది. అది లేకపోతే అనుమానపడాలి."

నాన్న ఆయన పెదాలు చదివాడు. తర్వాత నావి చూశాడు. నావి కదలలేదు.

17, మంగళవారం

నాన్న అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి తలుపుకు కట్టాడు: నాకు వినపడదు. ఎదురుగా నిలబడి మెల్లగా మాట్లాడండి. మరమ్మతులు మాత్రమే.

అమ్మ అది రెండుసార్లు చదివింది. నాన్నకు అందేట్టు పెదాలు బాగా కదిపి మొదలుపెట్టింది: "నాలుగేళ్ళు ఊపిరి బిగబట్టుకుని దాచాను. మా అక్క దగ్గర దాచాను. పక్కింటావిడ దగ్గర దాచాను. ఆయనకి ఆలోచన ఎక్కువ, అందుకే పిలిస్తే పలకరు అని చెప్పుకుంటూ వచ్చాను. పావుగంటలో బోర్డు కట్టేస్తాడా మనిషి."

"ఆలోచన కూడా ఎక్కువేలే," అన్నాడు నాన్న.

అమ్మ లోపలికి వెళ్ళి గిన్నెలు దడదడా కడిగింది. ఆ చప్పుడంతా నాకొక్కదానికే.

18, బుధవారం

ఆరుగురు వచ్చారు. ఆరుగురూ ఎదురుగా నిలబడి మెల్లగా మాట్లాడారు. ఒకాయన మరీ మెల్లగా మాట్లాడి నవ్వించాడు. ఎవరూ వెనక్కి తిరిగి వెళ్ళలేదు. నేను గాజు అలమరా తుడిచాను. తర్వాత మళ్ళీ తుడిచాను.

19, గురువారం

ఒకతను వెనకనుంచి పిలిచాడు. నాన్నకు తెలియలేదు. చూశారా మరి, అనుకున్నాను. నేను లేచేలోపు అతను బోర్డు చదువుకుని చుట్టూ తిరిగి ముందుకు వచ్చి నిలబడ్డాడు.

20, శుక్రవారం

నాన్న మొహం ఎర్రగా అనిపించింది. నుదురు ముట్టుకుని చూశాను. జ్వరం లేదు. బల్లకింద దూరి మేకు వెతుకుతున్నాడట.

21, శనివారం

జ్వరం లేదు.

22, ఆదివారం

మళ్ళీ బస్సు స్టాపుదాకా వెళ్ళాను. ఈసారి లెక్కపెట్టలేదు.

నిఘంటువులోనుంచి మూడు ఉత్తరాలూ తీసి తేదీల ప్రకారం పేర్చాను. రెండోది రెండేళ్ళ క్రితానిది. ఏదో పెద్ద పుస్తకాల షాపులో కేటలాగు రాసే పని అది. మొదటిది నేను స్కూలు వదిలిన ఏడాదిది. హాస్టల్లో చిన్నపిల్లలకు చదువు చెబుతూ పైచదువు చదువుకోవచ్చని.

దాని తేదీ చాలాసేపు చూశాను. ఆ తేదీనాటికి నాన్నకు రెండు చెవులూ వినబడుతున్నాయి. కొట్టులో నాకు పనే లేదు. పలక ఊరికే పలకే.

అయితే ఆ ఉత్తరానికి నేను నాన్నగారి ఆరోగ్యం అని ఎలా రాశాను. బహుశా జలుబు చేసి ఉంటుంది.

23, సోమవారం

హోటల్ ఆయన ఊరికే వచ్చి వెళ్ళారు. బేస్‌ని చూడ్డానికి వచ్చి నాన్నతో రెండు గంటలు కూర్చున్నారు. ఒకరు వాయిస్తే ఒకరు దవడ పెట్టడం. ఇద్దరు పెద్దమనుషులు, ఒక చెక్క. అమ్మ టీ ఇచ్చి వచ్చి, "లోపల ఎవరి గోల వాళ్ళది, ఆ ఇద్దరికీ మనం కనబడటం లేదు," అంది. చాలా రోజుల తర్వాత మామూలుగా అంది.

నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. పిలిచారేమో అని రెండుసార్లు ముందుగదిలోకి వెళ్ళాను.

24, మంగళవారం

పుస్తకం తెరిచాను. అరవై ఒకటో పేజీ. "మెడ గూట్లో సన్నని అట్టముక్క ఉండటం ఈ రకం బేసుల్లో సాధారణం. అది ఉంటే మెడ మొదటినుంచీ అదేనని నమ్మవచ్చు." ఈ వాక్యం కింద పెన్సిలు గీత ఉంది. గీత తిన్నగా, స్కేలు పెట్టి గీసినట్టు ఉంది. నేను స్కేలు పెట్టే గీస్తాను.

పదకొండో తేదీన నాకు తెలుసు. మెడ విప్పినప్పుడు తెలుసు, బిగించినప్పుడు తెలుసు. పదహారున తెలుసు. ఆంప్లిఫయర్ వద్దన్నది కూడా నేనే, తట్టు అందకుండా పోతుందేమో అని.

నాన్నకు వినబడటం నేను వద్దనుకున్నాను. రాసి చూస్తే ఇలా ఉంది. రాయకముందు ఇంకోలా ఉండేది.

25, బుధవారం

మధ్యాహ్నం కొట్టు మూశాక కౌంటరు మీద కాగితం పెట్టుకుని కూర్చున్నాను. ఇవాళ దాటితే మించిపోతుంది. "ప్రియమైన సిస్టర్, మా నాన్నగారి ఆరోగ్యం దృష్ట్యా" దాకా వచ్చింది.

నాన్న అడుగుల చప్పుడు నాకు వినపడింది. తనకు వినపడదు కాబట్టి నాకూ వినపడదనుకుంటాడేమో, భుజం వెనకనుంచి ఎప్పుడూ ఇలాగే వస్తాడు. కాగితం తిప్పేద్దామనుకుని తిప్పలేదు. వేలు పెట్టి చూపించాడు.

"ఎవరి నాన్నగారు?"

మాట్లాడాలంటే ఎదురుగా తిరగాలి.

ఆయనే స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. సిస్టర్ ఉత్తరం బల్లమీదే ఉంది. తీసి చదివాడు, కొట్టేసిన మాటతో సహా చదివినట్టున్నాడు.

"ఇంతకుముందు కూడా పిలిచారా?"

"రెండుసార్లు."

"రెండుసార్లూ నా ఆరోగ్యమేనా?"

తలూపాను.

"నాకేమైందే? దుక్కలా ఉన్నాను. మీ అమ్మని అడుగు." ఉత్తరం మడిచి ఉన్నచోటే పెట్టాడు. "నేనెప్పుడన్నా వెళ్ళొద్దన్నానా?"

"నువ్వు అడగలేదు. నేను చెప్పలేదు."

"అట్టముక్క సంగతి నీకు తెలుసు." అడగలేదు, అన్నాడు. "ఆ పుస్తకం నేనే కొన్నాను, నువ్వు బట్టీపట్టావు. అందులో నీకు తెలియంది లేదు."

"తెలుసు."

"ఊ."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. అది పూర్తిగా దూరమయ్యేదాకా నేను విన్నాను. నాన్న నా మొహం చూస్తూ ఉన్నాడు.

"కోపం వచ్చిందా?" అన్నాను.

"ఆ రోజు వచ్చింది. తర్వాత ఆలోచించా. నాలుగేళ్ళు నీ కాలి మీద కళ్ళు మూసుకుని బతికా. ఒక్కసారి తప్పు తట్టావు. చాలామంది చెవులకంటే నయమే." లేచాడు. "వెళ్ళకపోతే మానెయ్. ఇక్కడ నీకు చోటు లేదని ఎవరూ అనరు. కానీ నేను ఆపానని రాయకు. ఆ మాట మీద నేను సంతకం పెట్టను. వేరే ఏదన్నా రాయి."

లోపలికి వెళ్ళి పడుకున్నాడు. నిజంగానే పడుకున్నాడు, గురక వినిపించింది.

వేరే ఏదన్నా. అమ్మ ఒంటరిదవుతుంది: అమ్మ లోపల పక్కింటావిడతో పకపకా నవ్వుతోంది. దూరం: రెండు రోజులు, మధ్యలో ఒక్కచోట బండి మారితే చాలు. చలి పడదు: అక్కడ చలి ఉందో లేదో తెలియదు. ఒక్కొక్కటీ మెడను చూసినట్టు ఒక కన్ను మూసి చూశాను. ఒక్కటీ తిన్నగా లేదు.

నాలుగు కావస్తోంది. కొత్త కాగితం తీశాను.

"ప్రియమైన సిస్టర్, నాకు భయంగా ఉంది. ముందు రెండుసార్లు కూడా అదే, నాన్నగారి ఆరోగ్యం కాదు. మీకు తెలిసే ఉంటుంది. ఒకటో తేదీన వస్తాను."

మళ్ళీ చదవలేదు. చదివితే బాగుచేస్తాను. అంటించి, చెప్పులు వేసుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్ళి పోస్టుడబ్బాలో వేసేశాను.

డబ్బా ఖాళీగా ఉన్నట్టుంది. కవరు అడుగుకు తగలడం వినిపించింది.

వెంటనే చెయ్యి పెట్టి చూశాను. వేళ్ళవరకే పట్టింది.